సత్తన్న స్పీకరులోంచి వచ్చిన దారం

అందరూ తల్లి మీద ఒట్టు వేస్తారు. పిల్లల మీద వేస్తారు. నేను నా నాలుక మీద వేస్తున్నాను. ఎందుకంటే జరిగింది దాని మీదే. ఇందులో ఒక్క ముక్క కల్పించి చెప్పినా ఈ నాలుకకు ఇక ఉప్పూ కారం తెలియకుండా పోవాలి.

ఇంకో మాట. చేతిలో పళ్లెం ఉన్నవాళ్లు ముందు తినేయండి. తర్వాత నన్ను తిట్టొద్దు.

నాది సూరత్‌లో, ఉన్ అనే పేటలో, ఒక చిన్న దుకాణం. ఫోన్లు, స్పీకర్లు బాగుచేస్తాను. అంతకు ముందు తొమ్మిదేళ్లు సాంచలు నడిపాను. సాంచలంటే మరమగ్గాలు. సిరిసిల్ల వైపు నుంచి ఇక్కడికి వచ్చిన మావాళ్లలో సగం మంది బతుకు వాటి మీదే.

నాకు అసహ్యం ఎక్కువ. అదొక జబ్బు. ఒకరు తాగిన గ్లాసులో నేను తాగను. బస్సులో పక్కవాడు తుమ్మితే దిగి ఇంకో బస్సు ఎక్కిన రోజులున్నాయి. "నువ్వు అత్తరు దుకాణం వెట్టుకోవాల్సింది" అని మా ఆవిడ లత ఎగతాళి చేస్తుంది. అలాంటివాడికి దేవుడు ఈ పని ఇచ్చాడు. చెవిలో పెట్టుకునేవి తెస్తారు... గుబిలి గట్టిపడి, పసుపు పచ్చగా, వాళ్ల చెవి వేడి ఇంకా పోకముందే నా చేతిలో పెడతారు. స్పీకరు తెరిస్తే బొద్దింక రెట్ట మిరియాల్లా రాలుతుంది. ఛీ.

సరే. ముందు ఆ రంధ్రం సంగతి చెప్పాలి. అది తెలియకపోతే నేను దేనికి భయపడ్డానో మీకు అర్థం కాదు.

వైర్లు అక్కర్లేని బ్లూటూత్ స్పీకరు కొంటారు కదా. దాని వెనక రబ్బరు మూత ఎత్తితే రెండు మూడు రంధ్రాలుంటాయి. బల్లపరుపుగా ఉండేది ఛార్జింగుది. సన్నటి చీలిక మెమరీ కార్డుది. గుండ్రంగా, చిటికెన వేలి గోరు కన్నా చిన్నగా ఉండేది ఆక్స్. బ్లూటూత్ లేని పాత ఫోను ఉంటే, రెండు వైపులా పిన్ను ఉన్న వైరుతో ఒక కొన ఫోనుకి, ఇంకో కొన ఈ గుండ్రటి రంధ్రానికి పెట్టాలి. పిన్ను 'టక్' మని పూర్తిగా దిగాలి. లోపల ఒక చిన్న రేకు ఉంటుంది. పిన్ను దాన్ని పక్కకు నెట్టిందంటే స్పీకరుకు తెలుస్తుంది, ఎవరో వచ్చారని. అప్పుడు బ్లూటూత్ వదిలేసి ఈ రంధ్రం మాట వింటుంది.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ రంధ్రం లోపలికి తీసుకోవడానికే. దాంట్లోంచి ఏదీ బయటికి రాదు. శబ్దం కూడా రాదు. వెనక వైపు ప్లాస్టిక్‌తో మూసేసి ఉంటుంది. అర అంగుళం లోతు. అంతే.

ఇప్పుడు సత్తన్న.

సత్తయ్య. నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. నేను సాంచల మీద ఉన్నప్పుడు పగలు ఆయన షిఫ్టు, రాత్రి నాది. అవే సాంచలు. అవే నాడెలు. నాడె చూడనివాళ్లకు చెబుతున్నాను... మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే చెక్క ముక్క. దాని కడుపులో దారం చుట్టిన కండె ఉంటుంది. పక్కన చిన్న కన్ను. కండె మార్చినప్పుడల్లా దారం కొసను ఆ కన్నులోంచి బయటికి తేవాలి. సూది పెట్టి తీస్తూ కూర్చుంటే మగ్గం ఆగిపోతుంది. అందుకని అందరం ఒకటే చేస్తాం. కన్ను మీద నోరు పెట్టి, పీలుస్తాం.

స్స్స్ప్.

దారం కొస నాలుక మీదికి వస్తుంది. ఉమ్మి, కట్టుకుని, మగ్గం వదులుతాం. షిఫ్టులో వందసార్లు. వందలసార్లు.

సత్తన్న మావా నమిలేవాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా. వక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ ముక్కలో రుద్ది బుగ్గన పెట్టుకుంటే మళ్లీ మాట బయటికి రాదు, ఎర్రటి చొల్లు తప్ప. ఆ నోటితో పగలంతా పీల్చిన నాడెలు రాత్రి నా చేతికొచ్చేవి. నేను వాటిని తుడిచేవాణ్ని. లుంగీకి రుద్దేవాణ్ని. ఒకసారి డెటాల్ తీసుకెళ్లి మేస్త్రీ చేత తిట్లు తిన్నాను. ఎంత తుడిచినా కన్ను లోపల ఉండేది ఆ రుచి. వగరు, సున్నం మంట, దాని వెనక ఇంకేదో తియ్యటి కుళ్లు. తొమ్మిదేళ్లు నేను ఆ మనిషి ఉమ్మిని తిన్నాను. అది చెప్పుకునే మాటేనా! సాంచలు మానేసింది ఊపిరితిత్తుల కోసమని అందరితో అన్నాను. నిజానికి ఆ రుచి భరించలేక.

కాబట్టి ఆ రుచి నాకు తెలుసు. వేయింటిలో గుర్తుపడతాను.

చచ్చినవాడి కళ్లు చారెడు అంటారు. నేను అలా పొగడను. సత్తన్న గలీజు మనిషి. మంచివాడే. కానీ గలీజు మనిషి.

ఆయన దుకాణానికి మూడుసార్లు వచ్చాడు.

మొదటిసారి చేతిలో ఆ స్పీకరు. నల్లది, లోటా అంత. ఆదివారం బజారులో కొన్నాడట. ఇంకో చేతిలో బటన్ల ఫోను.

"ఏంది శీనూ, వైరు లేని స్పీకరు అని ఇచ్చిండు. మల్ల గీ బొక్కలెందుకు?"

చెప్పాను. ఇది ఛార్జింగు, ఇది కార్డు, ఇది ఆక్స్. నీ ఫోనుకు బ్లూటూత్ లేదు కాబట్టి వైరు కావాలి. వైరు కూడా నేనే ఇచ్చాను. తల ఊపి వెళ్లాడు.

రెండోసారి. "వస్తలేదు శీనూ." చూస్తే పిన్ను సగమే దిగింది. చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతాడు. జేబు నిండా సాంచల నూగు. రంధ్రంలో నూగు కూరుకుపోయింది. సూదితో కొంత తీసి, మూత వేసి ఉంచు సత్తన్నా అని పంపించాను. ఏ రంధ్రం ఏదో మళ్లీ అడిగాడు. మళ్లీ చెప్పాను, కాస్త విసుక్కుంటూ.

మూడోసారి... దుకాణంలో నలుగురున్నారు. ఈయన కౌంటరు మీద మోచేతులు ఆనించి, నా కళ్ల ముందే స్పీకరు ఎత్తి, ఆ రంధ్రం మీద నోరు పెట్టి...

స్స్స్ప్.

నాడె అనుకున్నాడు! చిన్న కన్ను కనిపిస్తే నోరు పెట్టడమే. నూగు అలా వస్తుందనుకున్నాడు. మావా చొల్లు రబ్బరు మూత మీద నుంచి జారి నా కౌంటరు అద్దం మీద పడింది. ఏమన్నానో అప్పుడు సరిగా గుర్తు లేదు. గట్టిగానే అన్నాను. వచ్చినవాళ్లు నవ్వారు. ఆయన ఆ చొల్లును తన చేత్తోనే తుడిచాడు. తుడిచినచోట ఎర్రగా మరక పాకింది. నేను లోపలికి వెళ్లి చేతులు కడుక్కుంటూ నిలబడ్డాను, ఆయన పోయేదాకా.

ఎనిమిది రోజులకు సత్తన్న సాంచల మధ్యనే కూలబడ్డాడు. ఆస్పత్రికి తీసుకెళ్లేసరికే ప్రాణం లేదు.

మాలో పోయినవాళ్లకు పిట్టకు పెట్టడం ఉంటుంది. మూడో రోజు, ఐదో రోజు, తొమ్మిదో రోజు. వాళ్లకు ఇష్టమైనవి వండి విస్తట్లో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క.

తొమ్మిదో రోజు సాయంత్రం సత్తన్న భార్య రాజవ్వ వదిన నా దుకాణం మెట్ల దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు. మైలలో ఉన్నామని అక్కడే నిలబడింది. చేతిలో ప్లాస్టిక్ సంచి.

"పిట్ట ముడ్తలేదు శీనూ. మూడొద్దులకు ముట్టలే. ఐదొద్దులకు ముట్టలే. ఇయ్యాల గూడ ముట్టలే. కోడికూర వెట్టినం, కల్లు దొరకకపాయె, మావా గూడ వెట్టినం. గోడ మీద కూసొని సూస్తయి గని దిగయి."

నేను లేచి గడప దాకా వచ్చాను.

"రేపు పదో దినం. రేపు గూడ ముట్టకపోతె నేనెట్ల బతకాలె? అన్నం తినంగనే ఆయన ఎండిన నోరే యాదికొస్తది." సంచి మెట్టు మీద పెట్టింది. "రోజు రాత్రి గిది ఒళ్లె వెట్టుకోని కూసుండేటోడు. ఏందో ఇనాలని ఉండె ఆయనకు. అడిగితె, బాగైనంక ఇనిపిస్త తీ అనేటోడు. ఏందో నాకు తెల్వది. జర ఇయ్యాల బాగుచేసియ్యి. నీ కాల్మొక్త."

సంచిలో స్పీకరు, బటన్ల ఫోను, వైరు. కాల్మొక్త అన్న తర్వాత కాదని ఎవడంటాడు? పైగా నా లోపల ఏదో గుచ్చుతూనే ఉంది. "తెస్త వదినా, పొద్దుగాల తాపీ నది ఒడ్డుకే తెస్త" అన్నాను.

మిగతా పనులన్నీ అయ్యేసరికి రాత్రి పదకొండు దాటింది. షట్టరు సగం దించాను. ఆ రోజు సాంచలకు వారపు సెలవు. ఉన్‌లో ఉండేవాళ్లకు తెలుసు, ఆ చప్పుడు లేకపోతే ఎలా ఉంటుందో. రోజూ నేల అదురుతూ ఉంటుంది. అలవాటైపోయి వినపడదు. ఆ రాత్రి లేదు... చెవిలో దూది పెట్టినట్టు నిశ్శబ్దం.

ఫోనులో ఛార్జింగు లేదు. చచ్చి ఉంది. పక్క అలమరలో ఛార్జింగు పెట్టాను. ఇది గుర్తుంచుకోండి. ఫోను అలమరలో ఉంది. వైరు సంచిలోనే ఉంది. స్పీకరు ఒక్కటే నా ముందు బల్ల మీద ఉంది.

చేతులకు తొడుగులు వేసుకున్నాను. స్పీకరు ఆన్ చేశాను.

"బ్లూటూత్ మోడ్" అంది లోపలి ఆడగొంతు.

రెండు నిమిషాలు గడిచాయి. నేను స్పిరిటు సీసా వెతుకుతున్నాను.

"ఆక్స్ మోడ్."

వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ ముట్టలేదు. పిన్ను పెట్టలేదు.

"బ్లూటూత్ మోడ్."... కాసేపు ఆగి... "ఆక్స్ మోడ్."

భయపడలేదు. నాకెందుకు భయం? రోజూ చూసేదే. లోపల చెత్త ఉంటే రేకు అటూ ఇటూ కదిలి పిన్ను వచ్చిందని స్పీకరు మోసపోతుంది. టార్చి వేసి చూశాను. రంధ్రం నిండా నూగు. నూగుతో పాటు మావా పిప్పి. అంచున ఉన్న ఇత్తడి ఆయన ఉమ్మికి చిలుం పట్టి పచ్చగా పొరలు కట్టింది. వాసన... ముక్కు దగ్గరికి తేకముందే వచ్చింది. లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను.

పట్టకారు పెట్టాను. నూగు లోపలికి పోయింది. సూది పెట్టాను. ఇంకా లోపలికి పోయింది. గాలి కొట్టాను. కదల్లేదు. స్పిరిటు పోసి ఆరనిచ్చి మళ్లీ సూది. పన్నెండు దాటింది. ఒంటిగంట కావస్తోంది. తొడుగుల్లో చేతులు చెమట పట్టి జారుతున్నాయి. విప్పి అవతల పారేశాను. ఒక చేతిలో స్పీకరు, ఇంకో చేతిలో టార్చి. కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ వదిన ముఖమే కళ్ల ముందు.

అప్పుడు...

ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. నవ్వకండి. నేను చేయలేదు. నా నోరు చేసింది. తొమ్మిదేళ్ల అలవాటు. చేతిలో బరువైనదేదో ఉంది, దానికి చిన్న కన్ను ఉంది, లోపల ఏదో ఇరుక్కుంది. అర్ధరాత్రి షిఫ్టులో ఇక ఆలోచనేముంటుంది? ఎత్తాను. పెదాలు ఆనించాను.

'గుర్ర్‌ర్' మంది స్పీకరు. అది మామూలే. ఒంటిని ఆ రేకుకు తాకిస్తే అలా మోగుతుంది. వేలు పెట్టినా మోగుతుంది. ఆ మోతకే నేను మెలకువలోకి వచ్చి ఉండాల్సింది. రాలేదు.

పీల్చాను.

నూగు ముద్ద ఒక్కసారిగా ఊడి నాలుక మీద పడింది.

తడిగా ఉంది.

అరగంట క్రితం స్పిరిటు పోశాను కదా అంటారు. స్పిరిటు చల్లగా ఉంటుంది. ఘాటుగా ఉంటుంది. ఇది... జిగటగా ఉంది. వగరు. సున్నం మంట. దాని వెనక తియ్యటి కుళ్లు. ఆ రుచి. అప్పుడే ఎవరో నమిలి నా నోట్లో పెట్టినట్టు.

వెచ్చగా ఉంది.

మనిషి పోయి పది రోజులు. స్పీకరు రేకుల ఇంట్లో, ప్లాస్టిక్ సంచిలో ఉంది. వెచ్చగా ఎలా ఉంటుంది?

ఉమ్మేద్దామని నోరు తెరిచాను. ముద్ద పడిపోలేదు. నాలుక మీదనే వేలాడింది. దాంట్లోంచి ఒక దారం... సన్నటి దారం... నా నాలుకకూ ఆ రంధ్రానికీ మధ్య. నాడెలోంచి వచ్చినట్టే. కొస నా నోట్లో. మిగతాది లోపల.

నేను కదల్లేదు. స్పీకరును పట్టుకున్న చెయ్యి కదల్లేదు. ఊపిరి కూడా బిగబట్టాను. టార్చి వెలుగులో ఆ దారం నాకు కనిపిస్తోంది. వదులుగా, కాస్త వంగి ఉంది.

మెల్లగా... అది బిగుసుకుంది.

నేను లాగలేదు. ఒట్టు. నా నాలుక మీద ఒట్టు. వంపు పోయింది. తిన్నగా అయింది. నా నాలుక కొస మీద చిన్న లాగుడు. చేప గాలాన్ని లాగినట్టు కూడా కాదు. అంతకన్నా మెల్లగా. అవతల ఎవరో, పెదాలతో, లోపలికి...

స్పీకరులోంచి వచ్చింది.

స్స్స్ప్.

గురగుర కాదు. మోత కాదు. అదే. పెద్దగా, స్పష్టంగా, తడిగా. నా ముఖం మీదికి.

స్పీకరును విసిరేశాను. అరిచానో లేదో తెలియదు. షట్టరు కింద నుంచి దూరి, మురుగు మోరీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని కక్కాను. పొద్దున తిన్నది కూడా వచ్చింది. వేళ్లు పెట్టి నాలుకను గీరాను. వీధి నల్లా కింద తల పెట్టి పుక్కిలించాను. మట్టి తీసి నోట్లో రుద్దుకున్నాను. నమ్మండి, మట్టి రుచి అంత బాగుంటుందని నాకెప్పుడూ తెలియదు. ఒక కుక్క దూరంగా నిలబడి చూసింది. దగ్గరికి రాలేదు.

ఎంతసేపయిందో. పారిపోయి ఇంటికి వెళ్లొచ్చు. కానీ పొద్దున ఆ వదినకు ఏం చెప్పను? మీ ఆయన స్పీకరు నన్ను పీల్చింది అని చెప్పనా?

తిరిగి లోపలికి వెళ్లాను. షట్టరు పూర్తిగా పైకి ఎత్తేశాను. నూగు ముద్ద నేల మీద పడి ఉంది. దానికి జానెడు దారం. తెల్లటి నైలాను దారం. ఒక కొస తడి, రెండో కొస కూడా తడి. మధ్యలో పొడిగా ఉంది.

స్పీకరు మరలు విప్పాను. ఆ రంధ్రం వెనక ప్లాస్టిక్ మూత చెక్కుచెదరలేదు. దారం పట్టే చోటే లేదు. అర అంగుళంలో జానెడు దారం చుట్టుకుని కూర్చుందేమో. రేకు దాన్ని కొరికి పట్టుకుందేమో. పీల్చిన విసురుకు రేకు వెనక్కి వచ్చి లాగినట్టు అనిపించిందేమో. అప్పుడే అవన్నీ అనుకున్నాను. సగం నమ్మాను కూడా. మరి వెచ్చదనం? మరి ఆ శబ్దం?

రంధ్రం మాత్రం శుభ్రంగా ఉంది. తుడిచినట్టు ఉంది.

మరలు బిగించి, వైరు తీసి, పిన్ను పెట్టాను. 'టక్' మని దిగింది. "ఆక్స్ మోడ్." ఫోను ఆన్ చేసి చూస్తే అందులో రెండే రికార్డింగులున్నాయి. మొదటిది నొక్కాను. చప్పట్లు. ఆడవాళ్ల గొంతులు. పోయినేడు మా గల్లీలో బతుకమ్మ ఆడినప్పటిది. వాటి మధ్య ఒక్క గొంతు ఫోనుకు దగ్గరగా, పైకి లేచి పాడుతోంది. రాజవ్వ వదిన.

చప్పున ఆపేశాను. చాలు, పని చేస్తోంది. ఆ స్పీకరు ముందు ఇంకో నిమిషం కూర్చునే ధైర్యం నాకు లేదు. రెండోది వినలేదు. అదే నేను చేసిన తప్పు.

పొద్దున తాపీ ఒడ్డు. బంధువులు ఇరవై మంది ఉంటారు. సత్తన్న అన్న కొడుకు గుండు చేయించుకుని, తడి బట్టలతో విస్తరి పెట్టాడు. అన్నం, కోడికూర, గారెలు, పక్కన మావా పొట్లం. అందరం వెనక్కి జరిగాం. గోడ మీద ఐదారు కాకులు. మెడలు వంచి చూస్తున్నాయి. ఒక్కటీ దిగదు. ఎండ ఎక్కుతోంది. వదిన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"పెట్టు శీనూ" అంది.

స్పీకరు, వైరుతో ఫోను విస్తరికి కాస్త ఇవతల పెట్టి నొక్కాను.

చప్పట్లు. పాట. ఆ గొంతు వినగానే వదిన ముఖం మారింది. "గిది... గిది నేనే గదా" అంది. పక్కావిడ చెయ్యి పట్టుకుంది. "గిది ఎప్పుడు వట్టిండు? నాకు తెల్వనే తెల్వది. గిదా... గీ పాట ఇనిపిద్దామనా..." ఏడవలేదు. నోరు తెరుచుకుని అలా వింటూ ఉండిపోయింది. అంతమందిలో తన గొంతు అంత పెద్దగా ఆమె ఎప్పుడూ వినలేదు.

పాట అయిపోయింది. కాకి దిగలేదు.

నేను ఆపడానికి వంగాను. నా వేలు ఇంకా తగల్లేదు. రెండోది దానంతట అదే మొదలైంది.

ముందు సత్తన్న గొంతు. నోట్లో మావాతో, మెల్లగా. "గిప్పుడు చెప్పు శీనూ. ఫోన్ల పట్టుకుంటున్న. మల్ల మల్ల నిన్ను సతాయించ."

తర్వాత ఆ పీల్చిన చప్పుడు.

తర్వాత నేను.

"ఛీ! థూ! నీయమ్మ, మనిషివేనా నువ్వు? దున్నపోతు కూడ నయం. నీ నోరు చూస్తే కక్కొస్తది. తొమ్మిదేండ్లు నీ ఎంగిలి నాకిన, ఇంకా నాకాల్నా? పో! మల్ల నా మెట్లెక్కితె చూడు!"

నవ్వులు. వచ్చినవాళ్ల నవ్వులు.

ఒడ్డు మీద ఒక్కరు కూడా కదల్లేదు. అందరూ నన్నే చూస్తున్నారు. నా గొంతు నాకే అంత రోతగా ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఆపాలి. నా చెయ్యి లేవలేదు.

స్పీకరులో అద్దం మీద చెయ్యి రుద్దుతున్న చప్పుడు. లోపల నల్లా నీళ్లు పడుతున్న చప్పుడు. నేను చేతులు కడుక్కుంటున్నాను. ఆ నీళ్ల చప్పుడు కింద సత్తన్న గొంతు, నాకు వినపడాలని కూడా కాదు, తనలో తాను అనుకున్నట్టు...

"ఏమనుకోకు శీనూ. సాపు చేసుకోని వస్త తీ."

మళ్లీ, ఇంకొకసారి, చాలా మెల్లగా.

స్స్స్ప్.

అక్కడితో అయిపోయింది. గోడ మీద నుంచి ఒక కాకి దిగింది. మెతుకులు ముట్టలేదు, కూర ముట్టలేదు. మావా పొట్లం ముక్కున పట్టుకుని ఒకసారి విదిలించి, అప్పుడు అన్నం ముట్టింది.

"ముట్టింది! ముట్టింది!" అని అందరూ చేతులెత్తి దండం పెట్టారు. వదిన నా వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"నడువు శీనూ, నువ్వు గూడ తిను" అంది.

విస్తరి ముందు కూర్చున్నాను. తిన్నాను. పక్కవాడు తాగిన గ్లాసుతోనే నీళ్లు తాగాను. ఆ రోజు నాకు నా నోటి కన్నా మురికిది ఇంకేదీ కనపడలేదు.

తర్వాత ఒకరోజు వదిన ఇంటికి వెళ్లాను. ఆ రెండోది తుడిచేస్త వదినా, ఫోను ఇయ్యి అని అడిగాను. ఆమె ఫోను మీద చెయ్యి వేసి పట్టుకుంది.

"ఒద్దు. ఆయన గొంతు గండ్లనే ఉన్నది. ఇంకెక్కడ లేదు. నీ తిట్టు గూడ ఉంటె ఉండనీ."

వాళ్ల గది మా ఇంటి వెనక గల్లీలోనే. రోజూ సాయంత్రం పొయ్యి ముట్టించేటప్పుడు పెడుతుంది. ముందు పాట వస్తుంది. తర్వాత నా ఛీ, నా థూ. గల్లీ మొత్తానికి వినపడుతుంది. లత తలుపు వేస్తుంది, అయినా వినపడుతుంది.

మీరందరూ నన్ను అడిగేది నాకు తెలుసు. ఆ రాత్రి నిజంగా ఏమై ఉంటుంది? రేకేనా? నిద్రమత్తా? తెలియదు. 'సాపు చేసుకోని వస్త' అన్నాడు... అన్న మాట ప్రకారం వచ్చాడా? తెలియదు. సాయంత్రం ఆ చివరి చప్పుడు వచ్చే సమయానికి నేను నోరు గట్టిగా మూసుకుని కూర్చుంటాను. అయినా నాలుక కొస మీద ఎక్కడో... చిన్నగా... లాగినట్టు ఉంటుంది.